నంద్యాలలో ఆడవాళ్లు తోడు రాని రోజు

నంద్యాల మిత్రులు నా ఉపన్యాసానికి పెట్టిన పేరు "శాంతి స్థాపనలో స్త్రీల పాత్ర". పిలిచినవాళ్లంతా మగవాళ్లు. వినడానికి వచ్చినవాళ్లు కూడా వాళ్లే. ఆడవాళ్లను ఎందుకు పిలవలేదని అడిగాను. "ఈ విషయం వాళ్లకు తెలిసిందే గదా మేడం" అన్నారు. తెలిసినవాళ్లను ఇంట్లో ఉంచి తెలియనివాళ్లకు చెప్పడం పద్ధతే కాబట్టి ఊరుకున్నాను.

ఆ ఉపన్యాసం సంగతి రాయడానికి ఈ వ్యాసం మొదలుపెట్టలేదు. అది ఎవరికీ గుర్తుండదు. ఆ తర్వాత ఆ దిక్కున నేను చూసింది మాత్రం, ఇంతవరకు నంద్యాల చూడనివాళ్లకు చెప్పాలి.

కొండ దాటే రైలు

గుంటూరు నుంచి మీటరుగేజి బండి నల్లమలను ఎంతో అయిష్టంగా దాటుతుంది. దిగువమెట్ట స్టేషన్లో ఒక కోతి కిటికీలోంచి చెయ్యి పెట్టి నా పులిహోర పొట్లం తీసుకుపోయింది. ఎదురుసీటులోని మిరపకాయల వ్యాపారి చేతులు జోడించి, "ఆంజనేయస్వామి స్వీకరించాడమ్మా, అదృష్టవంతులు" అన్నాడు. ఆయన దగ్గరా ఒక పొట్లం ఉంది. అంత అదృష్టం తనకు పట్టకుండా దాన్ని ఒళ్లోకి తీసుకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

నేను ఎక్కడికి పోతున్నానో అడిగి, "నంద్యాల వరకు ఫరవాలేదు. ఆళ్లగడ్డ దిక్కుకు మాత్రం పోకండి. బాంబులు వేసుకుంటారు. మనుషులు కారు" అని హెచ్చరించాడు. తనది పల్నాడని, తమ ఊళ్లో గొడ్డళ్లు మాత్రమే వాడతారని తర్వాత తెలిసింది.

నంద్యాల

నాకు ఆతిథ్యం ఇచ్చింది మేరీ సుగుణమ్మ. మిషను కాంపౌండు పక్కన చిన్న ఇల్లు. ఆళ్లగడ్డ రోడ్డు మీద ఒక పల్లెబడిలో టీచరు. భోజనానికి ముందు ఆమె ప్రార్థన చేసుకుంటుంది, నేను చేయను. ఆమె కళ్లు మూసుకున్నప్పుడు నేను తినడం మొదలుపెట్టేస్తానని రెండో పూటకే కనిపెట్టి, ప్రార్థన చిన్నది చేసింది.

ఉదయం పలహారం ఉగ్గాని. మేం మరమరాలనేవాటిని వీళ్లు బొరుగులంటారు. నీళ్లలో నానేసి, చేత్తో పిండేసి, ఉల్లిపాయలతో తాలింపు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉంటుంది. మా వైపు మరమరాలు జ్వరం తగిలినవాళ్లకు పెడతాం. ఇక్కడ తింటే జ్వరం వచ్చేట్టు చేసి పెడతారు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఉపన్యాసం సాయంత్రం జరిగింది. గంటసేపు మాట్లాడాను. యుద్ధం, రాజీ, కాపలా అన్నీ మగవాళ్లే తీర్మానించుకుంటారని, వాటి ఫలితం వండి వడ్డించేది, కడిగి పూడ్చేది ఆడవాళ్లని చెప్పాను. చప్పట్లు బాగానే కొట్టారు. వందన సమర్పణ చేసిన పెద్దమనిషి, స్త్రీ సాక్షాత్తు శాంతిమూర్తి అని, అలాంటి మూర్తిని ఈ కొట్లాటల్లోకి లాగడం అపచారమని ముగించాడు. నేను చెప్పింది ఆయనకు చాలా నచ్చిందని నాతో ప్రత్యేకంగా అన్నాడు.

ఆడవాళ్ల సీటు

మర్నాడు సుగుణమ్మ బడి చూసి మధ్యాహ్నం బస్సులో నంద్యాలకు తిరిగి వస్తున్నాం. బస్సు కిటకిటలాడుతోంది. ఆడవాళ్ల సీట్లో ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఒక దృఢమైన పడుచువాడు తల వంచుకుని కూర్చున్నాడు. జుట్టు ఎలుక కొరికినట్టుంది.

"బాబూ, ఇవి ఆడవాళ్ల సీట్లు. లేచి ఆ నిలబడ్డ ముసలమ్మకు చోటివ్వు" అన్నాను.

కండక్టరు బయట పొలాల్లో ఏదో ముఖ్యమైనది కనిపించినట్టు అటు తిరిగాడు. సుగుణమ్మ నా కాలు తొక్కింది. పడుచువాడు కదల్లేదు. పక్కనున్న పెద్దామె నన్ను ఎగాదిగా చూసింది.

"వాడు ఆడోళ్ల సీట్లో కూసోలేదక్కా. నా పక్కన కూసున్న్యాడు."

రెంటికీ తేడా ఏమిటో బస్సు దిగాక సుగుణమ్మ చెప్పింది.

ఆ పెద్దామె ఓబుళమ్మ. పడుచువాడు ఆమె చిన్నకొడుకు మద్దిలేటి. రెండో వైపు కూర్చున్నది కూతురు. వాళ్లది ఆళ్లగడ్డకు కొంచెం ఇవతల ఒక ఊరు. పేరు రాయను. రాస్తే రెండు పక్షాల్లో ఒకరికి కోపం వస్తుంది, అక్కడ కోపం ఖరీదైన వస్తువు. వీధిని అక్కడ గేరి అంటారు. ఆ ఊళ్లో పైగేరికి, దిగువగేరికి ఎన్నో ఏళ్లుగా పడదు. మొదట ఒక పొలంగట్టు, తర్వాత సారా వేలంపాట, తర్వాత శవాలు. ఓబుళమ్మ పెద్దకొడుకు ఒకరోజు ఒంటరిగా ఆళ్లగడ్డకు బయలుదేరి, రోడ్డు మలుపు దగ్గరే శవమై దొరికాడు.

అక్కడ రాయని చట్టం ఒకటుంది. పక్కన ఆడమనిషి ఉంటే మగవాడి మీద చెయ్యి ఎత్తరు. అందుకని కోర్టు వాయిదాకు, సంతకు, ఆసుపత్రికి మగవాడు ఇంటి ఆడవాళ్లను వెంటబెట్టుకుని పోతాడు. దీన్ని "తోడు పోవడం" అంటారు. మీసాలు మెలితిప్పిన నలభై ఏళ్లవాళ్లు కూడా అమ్మ కొంగు పట్టుకుని వాయిదాకు వస్తారు. మన మంత్రులకు తుపాకీ పోలీసులు ఉన్నట్టు వీళ్లకు అమ్మలు ఉన్నారు. పోలీసులకు జీతం ఇస్తారు.

"రేపు సాయిబు గోడౌన్లో రాజీ. రెండు గేర్లోళ్లూ వస్తాండారు. పోదామా అక్కా?" అంది సుగుణమ్మ.

అలాంటిచోటికి మనల్ని రానిస్తారా అని అడిగాను.

"లోపలికి రానీరు. బయట ఆడోళ్లతో కూసుంటాం."

గోనెసంచుల గోడౌన్

సాయిబు అంటే హుసేన్ సాయిబు. నంద్యాలలో గోనెసంచుల వ్యాపారి. రెండు గేర్లవాళ్లూ శెనక్కాయలు, అంటే వేరుశనగ, ఆయన సంచుల్లోనే నింపుతారు. కొట్లాటలు ముదిరి పొలాలు బీడుపడితే ఆయన సంచులు ఎలుకల పాలవుతాయి. అందుకే రాజీ చేస్తున్నానని ఆయన దాచుకోకుండా చెప్పాడు. శాంతి కోసం పనిచేసేవాళ్లలో ఇంత స్పష్టంగా కారణం చెప్పినవాణ్ణి నేను ఇంతకుముందు చూడలేదు.

రెండు పక్షాలూ వచ్చి రోడ్డుకు రెండు కొసల్లో ఆగిపోయాయి. ముందు లోపలికి పోయినవాడు తగ్గినట్టట. హుసేన్ సాయిబు తన గోడౌన్‌కు ఎదురెదురుగా ఉన్న రెండు తలుపులు ఒకేసారి తెరిపించి, "రాండప్పా, ఇంగ ఎవురూ ముందుల్యా, ఎవురూ ఎనకల్యా" అని కేకేశాడు. రెండు వైపుల నుంచీ ఒకేసారి వచ్చారు. అందరూ వీపు గోడకు ఆనించుకుని కూర్చున్నారు. నడిమధ్య ఖాళీ జాగాలో హుసేన్ సాయిబు ఒక్కడే. రెండు గేర్లకు రెండు హోటళ్ల నుంచి టీ వచ్చింది. రెండు కేన్లలోంచీ ఆయన మొదట తాగి చూపించాడు. ఆ మధ్యాహ్నం ఆయన తాగినంత టీ ఎవరూ తాగి ఉండరు.

ఆడవాళ్లు బయట రేకుల పంచ కింద గోనెసంచుల మీద కూర్చున్నారు. వాళ్లు అటొక గుంపు, ఇటొక గుంపుగా విడిపోయి ఉంటారనుకున్నాను. తలుపులు మూసుకోగానే అందరూ ఒకచోటికి జరిగారు. ఒకామె కొంగు ముడి విప్పి వేయించిన శెనిగ్గింజలు పోసింది. ఆమె లింగమ్మ, దిగువగేరి పెద్దమనిషి భార్య. ఆ గింజలు మొదట తీసుకున్నది పైగేరి ఓబుళమ్మ.

నేను ఆశ్చర్యంగా చూస్తుంటే లింగమ్మ నవ్వింది. "ఏందక్కా అట్ల చూస్తాండావ్? దీనిదీ నాదీ పుట్టినూరు ఒగటే. ఊర్లో మాట్లాడుకోం. వాయిదాలకు వచ్చినప్పుడు కోర్టు వసారాలో పొద్దుమూకులూ ఇట్లనే కూసుంటాం. ఇది నాకంటే పెద్దది, ఆడ నాకు ఒక్కనాడు చోటియ్యదు."

"నీ ఒళ్లుకు ఏ వసారా చాలుతుంది మే" అంది ఓబుళమ్మ.

మగవాళ్లు మీ పక్కన ఉన్నవాళ్లను కొట్టకపోవడం మీమీద గౌరవంతోనే కదా అని అడిగాను. మొన్న ఉపన్యాసం తర్వాత ఒకాయన నాకు గర్వంగా అలాగే చెప్పాడు. లింగమ్మ గింజ నోట్లో వేసుకోబోతూ ఆగింది.

"గౌరవమా? ఇంట్లో కొట్టేటప్పుడు యాడికి పోతాదక్కా ఆ గౌరవం? మాకు దెబ్బ తగిల్తే మా పుట్టినింటోళ్లు గూడా దిగుతారని బయం. ఇప్పుడు ఇద్దరే కొట్టుకుంటాండారు. అప్పుడు నాలుగిండ్లు అయితాయి."

మన సంప్రదాయంలో స్త్రీకి ఉన్న గౌరవాన్ని గురించి నేను చదివిన వాటిలో ఈ వివరణ ఎక్కడా లేదు. ఇంతకంటే మంచి వివరణ కూడా లేదు.

రాజీలో మీకేం కావాలని అడిగాను. లింగమ్మ పక్కనున్న మనవరాలి కుడిచెయ్యి ఎత్తి చూపించింది. ఎనిమిదేళ్ల పిల్ల. బొటనవేలు ఒక్కటే ఉంది. గొడ్డుకు మేత తెద్దామని వామిలో చెయ్యి పెట్టింది. వాములంటే గడ్డివాములే. అందులో బాంబులు దాచినవాళ్లు ఇంట్లోవాళ్లకు చెప్పలేదు.

ఓబుళమ్మ కోరిక చిన్నది. "నా కొడుకు ఒగడే ఆళ్లగడ్డకు పోయి, మంగలి షాపులో కూసోని క్షవరం చేయించుకోని రావల్ల. అంతే."

నాకు అర్థం కాలేదు. సుగుణమ్మ విడమరిచి చెప్పింది. తోడు అన్నిచోట్లకూ పోవచ్చు గాని, ఆడవాళ్లు మంగలి షాపులోకి పోరు. ఒక్కడే పోయి, కళ్లు మూసుకుని, మెడ వంచి, కత్తికింద కూర్చోవాలి. పక్క కుర్చీలో ఎవరుంటారో తెలియదు. అన్న పోయినప్పటినుంచి మద్దిలేటి జుట్టు అమ్మే కత్తిరిస్తోంది. బస్సులో ఆ తల నేను చూశాను. ఆమె దగ్గరున్నది గొర్రెల బొచ్చు తీసే కత్తెర.

"ఈ సంగతులు లోపల చెప్పారా?" అన్నాను.

"మమ్మల్ని ఎవురు అడిగినారు?" అంది ఓబుళమ్మ.

రాజీ అయిపోయిన తర్వాత

పొద్దు వాలుతుండగా తలుపులు తెరుచుకున్నాయి. రాజీ కుదిరింది. పొలంగట్టు కొలిపించుకుంటారు. కేసుల్లో సాక్షులు మాట మారుస్తారు. సారా పాట వంతులవారీగా పాడతారు. వాములూ, వాటిలో ఉన్నవీ ప్రస్తావనకు రాలేదు. హుసేన్ సాయిబే కర్పూరం తెప్పించగా, రెండు పక్షాలూ దాన్ని వెలిగించి దేవుడి మీద ప్రమాణం చేశాయి. ఇలాంటి ప్రమాణం లోగడ కూడా చేశారట. అప్పుడూ కర్పూరం పూర్తిగా కాలిందట.

మద్దిలేటి వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. "లే మా. రాజీ అయిపాయ. బస్సుకు పోదాం."

ఓబుళమ్మ గింజల పొట్టు ఊదుతూ, "అయిపాయ గదా. పో" అంది.

"నువ్వు రావా?"

"రాజీ అయినంక నేను ఎందుకురా? ఒగడివే పో."

మద్దిలేటి ఆమెను చూశాడు. తర్వాత రోడ్డును చూశాడు. తర్వాత దిగువగేరివాళ్లను చూశాడు. వాళ్లు కూడా అతన్నే చూస్తున్నారు. అప్పటికి లింగమ్మ భర్త ఆమెను లేవమంటున్నాడు. పొడుగాటి మనిషి, ఎర్రంచు పంచె.

"నాకు కాళ్లు గుంజుతాండాయి. నువ్వు పోతాండు" అంది లింగమ్మ.

"ఏందే యవ్వారం? లేయ్."

"బయమా?"

"బయం ఎందుకు? మర్యాద!"

"మర్యాద నీకుండాది గదా, పో."

మిగతా ఆడవాళ్లు కూడా లేవలేదు. ఒకామె పిల్లకు పాలివ్వడం మొదలుపెట్టింది. పైగేరివాళ్లు ఒక తలుపు దగ్గర, దిగువగేరివాళ్లు ఇంకో తలుపు దగ్గర నిలబడిపోయారు. గడప దాటి రోడ్డు మీద కాలు పెట్టినవాడు ఒక్కడూ లేడు. దేవుడి సాక్షిగా అన్నదమ్ముల్లా ఉంటామని ఒప్పుకుని పావుగంట కాలేదు.

హుసేన్ సాయిబు తల పట్టుకున్నాడు. "అరే, ఇప్పుడే గదప్పా దేవుని మీద ప్రమాణం చేస్తిరి?"

"దేవుని మీద నమ్మకముండాది సాయిబూ. వాళ్ల మీద ల్యా" అన్నాడు లింగమ్మ భర్త, నిజాయితీగా.

ఇన్నేళ్లుగా నాస్తికత్వం ప్రచారం చేస్తున్నాను. ఇంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

అప్పుడు లింగమ్మ మనవరాలిని లేపి నిలబెట్టింది. "మీ రాజీలో ఈ పిల్ల చెయ్యి యాడుండాది? వాముల్లో ఉండేటివి బయటికి రావల్ల. అంతవరకూ మీకు తోడు ల్యా. ఈ పొద్దుకే కాదు, వాయిదాకూ ల్యా, సంతకూ ల్యా."

"మా గేర్లో ఏమీ ల్యావు" అన్నారు పైగేరివాళ్లు. "మాకాడా ఏమీ ల్యావు" అన్నారు దిగువగేరివాళ్లు. ఆరోజు రెండు పక్షాలూ మనస్ఫూర్తిగా ఏకీభవించింది ఈ ఒక్క విషయంలోనే.

"అట్లయితే ఎతికితే మీకేం పాయ?" అంది ఓబుళమ్మ. "మీ మగోళ్లు ఒగరి దొడ్లోకి ఒగరు పోతే తలకాయలు లేస్తాయి. మేం పోతే ఎవురూ అడ్డం చెప్పరు. పైగేరి వాములు దిగువగేరి ఆడోళ్లు చూస్తారు. వాళ్లవి మేం చూస్తాం. రాజీలో అది గూడా కలపండి. కలిపినంక లేస్తాం."

ఎండ తగ్గింది. ఆళ్లగడ్డ బస్సు ఒకటి పోయింది. మగవాళ్లు దాన్ని చూస్తూ నిలబడ్డారు. ఇంకొకటి కూడా పోయాక హుసేన్ సాయిబు అందరినీ మళ్లీ లోపలికి పిలిచాడు. ఈసారి ఆడవాళ్లు కూడా లోపలికి పోయారు. గోడ పక్కన జాగా లేనందున నడిమధ్య ఖాళీలో కూర్చున్నారు. అప్పటిదాకా ఎదురెదురుగా ఒకరినొకరు చూసుకున్న మగవాళ్లకు ఇప్పుడు మధ్యలో వాళ్ల అమ్మలు, భార్యలు అడ్డం వచ్చారు. మాటలు తొందరగా తెమిలాయి. ఈసారి ప్రమాణం లేదు. కర్పూరం అయిపోయింది.

ఊరి శాంతి సంఘాల్లో, రాష్ట్రంలో వేసే విచారణ సంఘాల్లో ఆడవాళ్లు లేకపోవడానికి మనవాళ్లు చెప్పే కారణం, వాళ్లకు భద్రతా విషయాలు తెలియవని. బస్సులో, కోర్టులో, సంతలో మగవాడి ప్రాణం కాపాడేది ఆమె పక్కటెముకలే. అడ్డు పెట్టుకోవడానికి పనికివచ్చిన మనిషి అడిగి తెలుసుకోవడానికి పనికిరాదట. రాజీ గదిలో సగం కుర్చీలు ఆడవాళ్లవి కావాలని నేను దయ తలచి అడగడం లేదు. వాళ్లు లేని రాజీ గడప కూడా దాటలేదని కళ్లారా చూసి అడుగుతున్నాను.

వాములు

మర్నాడు సుగుణమ్మా నేనూ ఆ ఊరికి పోయాం. దారిలో ఆళ్లగడ్డ శిల్పుల పనిచోట్లు మొదలయ్యేచోటికి పోయి వెనక్కి వచ్చాం, డ్రైవరు మా స్టేజి మరిచిపోయినందున. రోడ్డు పక్కన సగం చెక్కిన దేవుళ్లు వెల్లకిలా పడుకుని ఉన్నారు. వినాయకుడి బొజ్జ మీద ఒక శిల్పి సద్దిమూట విప్పుకుని తింటున్నాడు. దేవుడితో ఇంత సుఖమైన సంబంధం ఉన్న మనిషిని చూడ్డం నాకు అదే మొదలు.

ఊళ్లో వెతకడం ఉదయమే మొదలైంది. మగవాళ్లను అరుగుల మీద కూర్చోబెట్టారు. ఆడవాళ్లు పిల్లలను దూరంగా పంపి, కట్టెలతో కాకుండా చేతులతో, పూలు కోసినంత నెమ్మదిగా గడ్డి తీశారు. ఏమీ లేవన్న పైగేరి నుంచి వచ్చాయి. ఏమీ లేవన్న దిగువగేరి నుంచీ వచ్చాయి. వాముల్లోనే కాదు, తవుడు కుండల్లో, కోళ్ల గంపల కింద, ఒక ఇంట్లో దేవుడి గూట్లో. దేవుడు దేన్నయినా భద్రంగా కాపాడతాడనడానికి నాకు దొరికిన మొదటి ఆధారం అది. నీళ్లు నింపిన గంగాళాల్లో వేసి, కబురందుకుని వచ్చిన పోలీసులకు అప్పజెప్పారు. ఎవరిదని అడిగితే ఎవరూ చెప్పలేదు. దొరికినచోటల్లా ఆ ఇంటాయన అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

అన్నీ దొరికాయని నేను చెప్పను. ఓబుళమ్మ కూడా చెప్పలేదు.

ఓబుళమ్మ ఇల్లు

ఆ రాత్రి ఊళ్లోనే ఆగిపోయాం. తర్వాతి రోజు ఆమె మమ్మల్ని భోజనానికి ఉండమంది. జొన్నరొట్టె, శెనిగ్గింజల చట్నీ, వంకాయ కూర. మా కృష్ణాతీరంలో అన్నం లేనిది భోజనం కాదు. ఇక్కడ రొట్టె ముందు అన్నం జబ్బువాళ్ల తిండిలా కనిపిస్తుంది. చేత్తో రొట్టె తట్టడం నాకూ నేర్పబోయింది. నా రొట్టె ఆకారం చూసి సుగుణమ్మ మౌనంగా ప్రార్థించింది.

మద్దిలేటి ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "పోతాండా మా."

ఓబుళమ్మ పెనం మీంచి తల ఎత్తలేదు. "పో."

అతను మెట్లు దిగాక ఆమె నన్ను పిలిచింది. "అక్కా, నువ్వు వాకిట్లోకి పోయి చూడు. నేను చూస్తే తోడు పోయినట్టయితాది."

వాకిట్లో నిలబడి చూశాను. గేరి మధ్యలో నడుస్తున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఊపుతున్నాడు. దిగువగేరి మొదట్లో లింగమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది, తల ఎత్తకుండానే.

"మలుపు కాడికి పోయినాడా?" లోపలినుంచి అడిగింది ఓబుళమ్మ.

"పోయాడు."

"దాటినాడా?"

"దాటాడు."

రొట్టె మాడిన వాసన వచ్చింది. మాడిన రొట్టె నాకే పెట్టింది.

పొద్దు నడినెత్తికి వచ్చి దిగింది. మా బస్సు వేళ దాటిపోయింది. మేమూ లేస్తామనలేదు, ఆమె కూడా పొమ్మనలేదు. సుగుణమ్మ ఎందుకో జడ విప్పి మళ్లీ వేసుకుంది. ఓబుళమ్మ అప్పటికే శుభ్రంగా ఉన్న పెనాన్ని బూడిదతో తోముతోంది.

మద్దిలేటి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మెడ మీద పౌడరు ఉంది. తల ఎవరిదో కొత్త తలలాగుంది.

"ఎందుకురా ఇంత పొద్దు?" అంది.

"పక్క కుర్చీలో దిగువగేరోళ్ల చిన్నోడు ఉన్న్యాడు మా."

ఓబుళమ్మ చెయ్యి పెనం మీద ఆగింది. "ఏం చేసినాడు?"

"ఏం చేస్తాడు? నాకంటే ముందొచ్చినాడు. ముందు చేయించుకున్న్యాడు."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని లేచి, కొడుకును వెనక్కి తిప్పి, మెడ దగ్గర కత్తి తిరిగినచోట చాలాసేపు చూసింది.

"వంకరగా గొరిగినాడు" అంది.